పది శాతం నీడ: ఒక పాత రేంజరు అనుభవ పాఠాలు

ఫారెస్టరుగా చేరి రేంజరుగా దిగిపోయేసరికి ముప్పై నాలుగేళ్లు గడిచాయి. సగం కాలం నల్లమల, శేషాచలం కొండల్లో తిరిగాను. మిగతా సగం వర్కింగ్ ప్లాన్ పనిలో గడిచింది. అడవిని కొలిచి కాగితం మీద పెట్టే పని అది. ఇప్పుడు కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్ల శిక్షణకు అప్పుడప్పుడు నన్నూ పిలుస్తుంటారు. టీ తాగే వేళకు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, అడవి పెరుగుతోందా, తగ్గుతోందా?" "ఏ అడవి నాయనా?" అంటాను. పెద్దాయనకు చెవుడేమో అనుకుని మళ్లీ గట్టిగా అడుగుతారు. ఆ తర్వాత వాళ్లకు చెప్పే మాటలే ఇవి. వరసకు పెద్ద అర్థమేమీ లేదు, గుర్తొచ్చిన వరసలో రాశాను.

1. చెట్టు లేకున్నా అడవే

ఉద్యోగంలో రెండో ఏడు. కర్నూలు జిల్లాలో నల్లమల దిగువన రిజర్వు హద్దు మీద నడుస్తున్నాను. హద్దంటే గోడా లేదు, ముళ్లకంపా లేదు. ఇంతింత దూరాన పేర్చిన రాళ్ల కుప్ప, దానికి సున్నం, ఒక నంబరు, అంతే. ఆ కుప్పకు లోపలివైపు ఒక ముసలాయన గొర్రెలు మేపుకుంటున్నాడు. కొత్త ఖాకీ, కొత్త కోపం నాది. "రిజర్వులో మేపుతున్నావు, జుల్మానా కడతావా?" అన్నాను. ఆయన బెదరలేదు. చేతికర్ర గడ్డం కింద ఆనించుకుని, "సారూ, ఈడ కనుచూపు మేర నా గొర్రెకు నీడనిచ్చే చెట్టొకటి సూపియ్. సూపిస్తే నువ్వడిగింది కడతా" అన్నాడు.

చుట్టూ చూశాను. మోకాలెత్తు బండారు పొదలు, ఎర్రరాయి, ఎండిన బోదగడ్డి. సంచిలోంచి టోపోషీటు తీసి నేల మీద పరిచాను. అందులో ఆ చోటంతా పచ్చరంగు పులిమి ఉంది. ఆయన వంగి చూసి, "కాయితంలో బాగనే పచ్చగుండాది సామీ. గొర్రెల్ను దీంట్లో మేపమంటావా?" అన్నాడు.

ఆ రోజు ఆయన మీద కేసు రాయలేదు. రాసి ఉంటే కోర్టులో నేనే గెలిచేవాణ్ని, అదీ చెప్పాలి. మన చట్టంలో రిజర్వు ఫారెస్టు చెట్ల వల్ల ఏర్పడదు, గెజిట్ వల్ల ఏర్పడుతుంది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం మొదట సెక్షన్ 4 పడుతుంది, సెటిల్‌మెంట్ ఆఫీసరు అభ్యంతరాలు వింటాడు, చివరికి సెక్షన్ 15 పడుతుంది. అది పడిందా, అక్కడ మర్రి ఉన్నా మట్టే ఉన్నా రిజర్వు ఫారెస్టే. 1927 నాటి భారత అటవీ చట్టాన్ని మొదటి నుంచి చివరికి చదవండి. రిజర్వు అంటే ఏమిటో, రక్షిత అడవి అంటే ఏమిటో, గ్రామ అడవి అంటే ఏమిటో ఉంటుంది. అసలు అడవి అంటే ఏమిటో మాత్రం ఎక్కడా ఉండదు.

ఇది మనవాళ్ల నిర్లక్ష్యం అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ఆ మాట పుట్టుకే అంత. ఇంగ్లీషులో ఫారెస్ట్ అన్న మాటకు మూలం లాటిన్‌లో 'బయట' అని అర్థమిచ్చే పదం. మామూలు చట్టానికి బయట, రాజు వేటకని విడిగా పెట్టుకున్న నేల. 1079 ప్రాంతంలో విలియం రాజు ఇంగ్లండులో న్యూ ఫారెస్ట్ అని ప్రకటించిన చోట చెట్లూ ఉన్నాయి, పొదల బయళ్లూ ఉన్నాయి, బురద నేలలూ ఉన్నాయి. రాజుకు కావలసింది జింక. ఆ పద్ధతి మీద జనం ఎంత విసిగిపోయారంటే, 1217లో అడవుల కోసమే ప్రత్యేకంగా ఒక హక్కుల పత్రం రాయించుకున్నారు. 1864లో డైట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ దొర ఈ దేశానికి మొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా కూర్చునేనాటికి రాజుకు జింక బదులు రైలు పట్టాల కింద వేసే దుంగ కావలసి వచ్చింది. గీత గీసే పద్ధతి మాత్రం పాతదే.

మన మాటలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? అరణ్యం అన్న మాటకు మూలంలో ఉన్నదీ 'దూరం, పరాయి' అన్న అర్థమే. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అంటాం. తమిళంలో ఇప్పటికీ కాడు అంటే అడవి. మనకది శ్మశానంగా మిగిలింది. ఊరు కానిదంతా కాడే. జంగిల్ అని ప్రపంచమంతా వాడుకుంటున్న మాటకు తల్లి సంస్కృతంలోని జాంగలం. మన ఆయుర్వేద గ్రంథాల్లో జాంగల దేశమంటే నీరు తక్కువై, చెట్లు పలచగా ఉండే పొడినేల. సినిమాల్లో చూపించే చిత్తడి, తీగలు, కొండచిలువలు ఆ మాటలో లేనే లేవు. మా ముసలాయన గొర్రెలు మేపింది అసలు సిసలు జంగిల్లో.

2. చెట్లు కిక్కిరిసి ఉన్నా అడవి కాకపోవచ్చు

ప్రపంచ లెక్కలకు ఆధారం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెప్పే నిర్వచనం. నేల అర హెక్టారుకు మించాలి, అంటే మన ఎకరం పావు. చెట్టు 5 మీటర్లు దాటాలి, మూడు నిలువులనుకోండి. కొమ్మల గొడుగు నేలలో 10 శాతానికి పైగా కప్పాలి. ఇప్పుడు అంత ఎత్తు, అంత గొడుగు లేకపోయినా, ఆ చోటనే ఎదిగి అంతకు చేరగలిగితే చాలు. ఇక్కడిదాకా సులువే. తిరకాసు తర్వాతి వాక్యంలో ఉంది: ఆ నేల ప్రధానంగా సాగుకో, ఊరికో వాడుకుంటున్నది కాకూడదు.

ఈ ఒక్క వాక్యంతో మామిడితోట పోయింది, ఆయిల్‌పామ్ పోయింది. రబ్బరు తోట ఉంది, క్రిస్మస్ చెట్ల తోట ఉంది. నరికేసి బోడిగా ఉన్న నేల కూడా ఉంది. ఐదేళ్లలోపు మళ్లీ మొలిపిస్తామంటే అది 'తాత్కాలికంగా చెట్లు లేని అడవి'. ఈ కొలతతోనే 2020లో ప్రపంచంలో 406 కోట్ల హెక్టార్ల అడవి ఉందని, అది మొత్తం నేలలో 31 శాతమని తేల్చారు. అందులో సగానికి పైగా రష్యా, బ్రెజిల్, కెనడా, అమెరికా, చైనా దేశాల్లోనే ఉంది.

మన దేశం లెక్క వేరు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి చెప్పే అటవీ విస్తీర్ణానికి హెక్టారు నేల, 10 శాతం గొడుగు ఉంటే చాలు. నేల ఎవరిది, చెట్టు ఏది, చట్టంలో దాని పేరేమిటి అని అడగదు. లక్షద్వీప్‌లో 90 శాతానికి పైగా అడవి ఉన్నట్టు నివేదికలో కనబడితే మొదట్లో నేను అచ్చుతప్పు అనుకున్నాను. అక్కడున్నవి కొబ్బరిచెట్లు.

2021 నివేదికలో దేశం మొత్తం మీద అడవి ఎక్కువ పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 647 చదరపు కిలోమీటర్లు. తర్వాతిది తెలంగాణ, 632. పేపర్లో చదివి మా వాళ్లంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. నేను మా బావమరిదికి చేశాను. నూజివీడు దగ్గర ఆయనకు నాలుగెకరాల మామిడితోట ఉంది. హెక్టారు దాటింది, గొడుగు నిండుగా ఉంది. "నీ తోట కూడా దేశం అడవి లెక్కలోకి వస్తుంది బావా" అన్నాను. కాసేపు ఆలోచించి, "కాయ కోసుకోవడానికి మీ వాళ్ల పర్మిట్ కావాలా ఏం?" అన్నాడు. అక్కర్లేదని నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది.

తోటను అడవి లెక్కలో కలపడం మోసమని నేననను. ఉపగ్రహానికి ఆకు కనబడుతుంది, పట్టాదారు పాసుపుస్తకం కనబడదు. ఆ లెక్క ఆకు లెక్క. దాన్ని ఆకు లెక్కగా చదువుకుంటే చిక్కేమీ లేదు. చిక్కల్లా దాన్ని పులి లెక్కగానో, వాగు లెక్కగానో చదివినప్పుడు వస్తుంది.

ఇంకో ముచ్చట. వెదురు గడ్డిజాతి అని స్కూలు పిల్లలకు కూడా తెలుసు. 1927 చట్టంలో మాత్రం అది చెట్టు. సొంత పొలంలో పెంచుకున్న వెదురు నరికి బండికెత్తితే రైతు దోషి అయ్యేవాడు. 2017లో చట్టం సవరించి, అడవి బయట పెరిగిన వెదురును గడ్డిలో కలిపారు. తొంభై ఏళ్లు పట్టింది గడ్డి గడ్డి కావడానికి.

3. గొడుగు కొలవాలంటే వెల్లకిలా పడుకోవాలి

పుస్తకంలో రాసినంత సులువుగా 10 శాతం కంటికి ఆనదు. నాకు నేర్పింది ఒక పాత గార్డు. చదువు అయిదో తరగతి. మిట్టమధ్యాహ్నం నన్ను చెట్ల మధ్యకు తీసుకుపోయి, కండువా పరిచి, వెల్లకిలా పడుకోమన్నాడు. "పైన ఆకెంత, ఆకాశమెంత చెప్పండి" అన్నాడు. సగం సగం అన్నాను. లేపి నేల చూపించాడు. నీడ మచ్చలు, ఎండ మచ్చలు అడుగులేసుకుంటూ లెక్కపెట్టాం. పదడుగుల్లో మూడే నీడలో పడ్డాయి. పడుకుని చూసే మనిషి కళ్లు ఆకునే వెతుక్కుంటాయి, అందుకని గొడుగు ఎప్పుడూ ఎక్కువ కనబడుతుంది. ఈ మాట ఏ మాన్యువల్లోనూ చదవలేదు.

మన దేశంలో 70 శాతం, ఆపైన గొడుగుంటే అతి దట్టమైన అడవి. 40 నుంచి 70 లోపు మధ్యస్థం. 10 నుంచి 40 లోపు పలుచని అడవి. పదికి లోపు ఉంటే చిట్టడవి పొదలని, అడవి విస్తీర్ణంలోంచి తీసేస్తారు. ఒక విషయం గమనించండి. 39 నుంచి 11కు పడిపోయిన అడవి పేరు మారదు. పదిలో ఏడొంతులు చెట్లు పోయినా, నివేదికలో అది అదే గడిలో, అదే రంగులో కూర్చుంటుంది. 41 నుంచి 39కి దిగితే మాత్రం పెద్ద చర్చ. నా సర్వీసులో నిజంగా గుండెలు తరుక్కుపోయిన నష్టాలన్నీ ఆ 39కీ 11కీ మధ్య జరిగినవే. ఒక ఏడు తెల్లమద్ది పోతుంది, ఇంకో ఏడు జిట్రేగి పోతుంది. అంకె అలాగే ఉంటుంది.

ఋతువు సంగతి ఇంకోటి. మనవి ఆకు రాల్చే అడవులు. ఏప్రిల్లో శేషాచలం ఎక్కితే ఎర్రచందనం మోడులు బూడిదరంగు గుంజల్లా నిలబడి ఉంటాయి. గొడుగు సున్నా. అదే కొండ అక్టోబర్లో నిండు ముత్తయిదువలా ఉంటుంది. అందుకే ఉపగ్రహ చిత్రాలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తీసినవి చూస్తారు. ఆ చిత్రంలో ఒక చుక్క నేల మీద ఇరవై మూడున్నర మీటర్ల చదరం, అంటే దాదాపు పదమూడున్నర సెంట్లు. ఇద్దరన్నదమ్ములు ఇళ్లు కట్టుకోగల జాగా అంతా అక్కడ ఒక్క చుక్క. ఆ చుక్కలో ఇప్పచెట్టు ఉందో జామాయిల్ ఉందో చెప్పాలంటే ఎవరో ఒకరు నడిచి వెళ్లక తప్పదు.

ఇంకా వెనకటి ముచ్చట చెబుతాను. 1980ల మొదట్లో హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి, దేశంలో అడవి 14 శాతం చిల్లరే అంది. అడవి శాఖల రికార్డుల్లో మాత్రం 22, 23 శాతం ఉండేది. గగ్గోలు లేచింది. 1987లో ఫారెస్ట్ సర్వే మొదటి నివేదికలో అది 19 శాతం చిల్లర అయింది. ఒకే దేశం, దాదాపు ఒకే కాలం, చూసింది ఆకాశం నుంచే. ఏ పొదను అడవి అనాలి, ఏ పొదను వద్దనాలి అన్న దగ్గర వచ్చింది తేడా అంతా.

4. గీత జరిపితే అడవి నడుస్తుంది

గైడ్ లండ్ అనే అమెరికా అటవీ నిపుణుడు ప్రపంచంలో అడవికి ఎన్ని నిర్వచనాలున్నాయో ఏరుకుంటూ పోయాడు. ఎనిమిది వందలు దాటాయి. ఒక మనిషి జీవితంలో ఇంత ఓపిక ఉండడం చూస్తే ముచ్చటేస్తుంది.

జపానుకు 0.3 హెక్టారు, 30 శాతం గొడుగు, 5 మీటర్లు. ఆస్ట్రేలియాకు 2 మీటర్ల ఎత్తు, 20 శాతం గొడుగు. వాళ్ల పొట్టి యూకలిప్టస్ పొదలకు 5 మీటర్లంటే దేశంలో చాలా అడవి ఎగిరిపోతుంది మరి. ఐస్‌లాండ్‌లో బర్చ్ చెట్లు మన నడుమెత్తో తలెత్తో. అక్కడివాళ్లే చెప్పుకునే జోకు ఒకటుంది: మా అడవిలో దారి తప్పితే ఏం చేయాలి? లేచి నిలబడాలి.

వాతావరణ మార్పు ఒప్పందానికి నియమాలు రాసినప్పుడు, 2001లో, దేశాల చేతికే కొలత ఇచ్చేశారు. విస్తీర్ణం 0.05 నుంచి 1 హెక్టారు వరకు, గొడుగు 10 నుంచి 30 శాతం వరకు, ఎత్తు 2 నుంచి 5 మీటర్ల వరకు, ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోండన్నారు. మనం 0.05 హెక్టారు, 15 శాతం, 2 మీటర్లు ఎంచుకున్నాం. పన్నెండు సెంట్ల అడవి! ఒకే ఢిల్లీ నుంచి ఒక కాగితం హెక్టారు అంటుంది, ఇంకో కాగితం పన్నెండు సెంట్లు అంటుంది. రెండూ నిజమే, రెండు వేర్వేరు పనులకు. ఒకటి దేశం పటానికి, ఒకటి కార్బన్ పద్దుకు.

ఆహార వ్యవసాయ సంస్థ కూడా 2000 నివేదిక దాకా ధనిక దేశాలకు 20 శాతం, బీద దేశాలకు 10 శాతం అని రెండు గీతలు పెట్టుకుంది. అప్పుడు అందరికీ 10 అనేసరికి, ఒక్క మొక్క నాటకుండానే కాగితం మీద కోట్ల హెక్టార్ల అడవి పెరిగింది. అందుకే రెండు వేర్వేరు ఏళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి నాకెవరైనా చూపిస్తే, ముందు ఫుట్‌నోట్లు చదువుతాను. వయసు మీద పడ్డాక చిన్న అక్షరాలు కనబడవు గానీ, భూతద్దం పెట్టుకునైనా చదువుతాను.

5. గీత గీయడం ఒక విద్య, పేరు పెట్టడం ఇంకో విద్య

ఇంతసేపూ చెప్పింది ఎంత అడవి అన్న లెక్క. ఎలాంటి అడవి అన్న ప్రశ్నలోనే నాకు రుచి. ఉద్యోగంలో ఆనందపడ్డ రోజులన్నీ ఆ ప్రశ్న వెనక తిరిగినవే.

1898లో షింపర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఉష్ణమండల వర్షారణ్యం అన్న పేరు పెట్టాడు. వాన, వేడి, నేల ఈ మూడూ కలిసి చెట్టు రూపాన్ని నిర్ణయిస్తాయన్నది ఆయన వాదం. 1947లో హోల్‌డ్రిడ్జ్ అనే అమెరికన్, కోస్టారికాలాంటి చోట్ల తిరిగిన మనిషి, వేడినీ వాననూ ఆవిరయ్యే తేమనూ ముక్కోణం గళ్లలో వేసి, ఏ గడిలో ఎలాంటి అడవి రావాలో చెప్పే పట్టిక తయారుచేశాడు. మన దేశానికి ఆ పని హ్యారీ ఛాంపియన్ 1936లో మొదలుపెట్టాడు. 1968లో సేఠ్‌తో కలిసి సవరించాడు. 16 పెద్ద రకాలు, వాటి కింద రెండు వందల పైచిలుకు చిన్న రకాలు. ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా మోశాను.

ఎర్రచందనం అడవికి అందులో 5ఏ/సీ2 అని సంకేతం. ప్రపంచంలో సహజంగా ఆ చెట్టు ఉన్నదే మన శేషాచలం, వెలిగొండ, వాటి చుట్టుపక్కల కొండల్లో. దానికో విడి గడి ఇచ్చిన ఛాంపియన్‌కు నమస్కారం పెట్టుకునేవాణ్ని. కోరింగ మడ అడవిది ఇంకో గడి. ఆటుపోట్ల నీళ్లలో వేళ్లు పైకెత్తి ఊపిరి పీల్చే చెట్లకు ఎత్తూ గొడుగూ కొలవడమేమిటో! అన్నిటికన్నా వింత శ్రీహరికోట. అక్కడున్నది పొడినేల సతతహరితారణ్యం. ఏడాదిలో చాలా నెలలు వాన లేకపోయినా ఆకు రాల్చని పాలచెట్లూ నేరేళ్లూ ఉంటాయి. కోరమండల్ తీరమంతా ఒకప్పుడు అలాంటివి ఉండేవి, ఇప్పుడు ముక్కలు మిగిలాయి. వాటిలో మంచి ముక్క ఒకటి రాకెట్ల పుణ్యమా అని బతికింది. లోపలికి ఎవరినీ రానివ్వరు కదా.

మన భాషలో కూడా ఈ వర్గీకరణ ఉంది, చూడబుద్ధి కావాలి. ఏడో ఎనిమిదో తరగతిలో ద్విరుక్తటకార సంధికి చిట్టడవి, నట్టడవి అని బట్టీ పట్టాం. చిఱు అడవి చిట్టడవి. నడుమ అడవి నట్టడవి. కారు అడవి, అంటే నల్లని అడవి, కారడవి. 10 శాతం, 40 శాతం, 70 శాతం అని ఢిల్లీలో గీసిన గీతలకు ఇవి చుట్టాలే. పరీక్షలో రెండు మార్కులకు పనికొచ్చిన మాటలు పాతికేళ్ల తర్వాత ఫీల్డులో నాకు అర్థమయ్యాయి.

ఒకసారి నల్లమలలో ప్లాట్లు వేస్తున్నప్పుడు వెంట వచ్చిన చెంచు పెద్దాయన్ని, ఈ కొండకూ ఆ కొండకూ తేడా ఏమిటని అడిగాను. నేను చెట్ల పేర్లు చెబుతాడని పెన్ను తీశాను. ఆయన, ఇక్కడ ఎండాకాలంలో కూడా నీళ్లు దొరుకుతాయి, అక్కడ తేనె దొరుకుతుంది గానీ రాత్రి పడుకోలేం అన్నాడు. నా ఫారంలో ఆ గడి లేదు. రిమార్కుల కింద రాశాను. టైపు చేసినవాళ్లు వదిలేశారు.

6. గడ్డిని బీడు అనకు

ఇది నా తప్పు గురించి. ఒక ఏడు మొక్కల లక్ష్యం భారీగా వచ్చింది. నాటడానికి జాగా ఏదీ? మా పరిధిలో నల్లరేగడి అంచున వందల ఎకరాల గడ్డి మైదానం ఉంది. రికార్డులో 'చెట్లు లేని నేల'. గుంతలు తీయించాను, గ్లైరిసీడియా, తుమ్మ, సుబాబుల్ పెట్టించాను. మొక్కలు బాగా బతికాయి. మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. రెండు మూడేళ్లకు ఆ మైదానంలో మందలు మందలుగా తిరిగిన కృష్ణజింకలు కనబడ్డం మానేశాయి. దూరం చూడగలిగితేనే అది బతుకుతుంది. దాని కంటికి అడ్డంగా నేను చెట్లు పెట్టాను.

అక్కడికి ఎంతో దూరం లేదు రోళ్లపాడు. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించిన చోటు. పేరులో అరణ్యం ఉంది గానీ అక్కడ కాపాడాల్సింది గడ్డిని. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనబడ్డం గగనమైపోయింది, దానికి కారణాలు చాలా ఉన్నాయి. చెట్టు లేని చోటల్లా వృథా అనే మన అలవాటు వాటిలో ఒకటి. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడో వంతు నేల చెట్ల కింద ఉండాలంది. మంచి మాటే. ఆ మూడో వంతు నింపే తొందరలో గడ్డి మీద గుంతలు తవ్వుతాం. బ్రెజిల్‌లో సెరాడో అనే పొట్టి చెట్ల గడ్డినేలలదీ ఇదే కథ. అమెజాన్ అంటే ప్రపంచం కంటతడి పెడుతుంది. అక్కడి చట్టంలో అమెజాన్ అడవిలో పొలం కొన్న రైతు 80 శాతం అడవిగా వదిలేయాలి. సెరాడోలో చాలాచోట్ల 20 శాతం వదిలితే చాలు. సోయా ఎక్కడికి పరుగెత్తుతుందో వేరే చెప్పాలా?

తెలంగాణలో ఇలాంటి నేలకు చక్కని మాట ఉంది, కంచ. పశువుల కోసం వదిలిన గడ్డినేల. హైదరాబాదు చుట్టూ ఎన్ని ఊళ్ల పేర్లలో ఉందో. 2025లో విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద గొడవ జరిగినప్పుడు, అది అడవా కాదా అని టీవీల్లో గంటల తరబడి వాదించుకున్నారు. రెవెన్యూ రికార్డు చూపించారు కొందరు, నెమళ్ల వీడియోలు చూపించారు కొందరు. సుప్రీంకోర్టు తనంత తాను కల్పించుకుని చెట్లు కొట్టడం ఆపించింది. ఇంతమంది మాట్లాడారు గానీ, ఆ పేరులో ముందున్న కంచ అన్న మాటకు అర్థం అడిగినవాడు నాకు కనబడలేదు.

7. కోర్టు నిఘంటువు తెరిచింది

కొత్తవాళ్లకు ఈ కేసు పేరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలంటాను: గోదావర్మన్ తిరుముల్‌పాడ్. నీలంబూరు కోవిలకానికి చెందిన మనిషి, నీలగిరుల్లో గూడలూరు దగ్గర చెట్లు కొట్టేయడం చూసి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1996 డిసెంబరు 12న తీర్పు. చట్టంలో అడవికి అర్థం లేదు కదా, నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకోండి అంది కోర్టు. ప్రభుత్వ రికార్డులో అడవి అని రాసి ఉన్న ఏ నేలైనా, ఎవరిదైనా సరే, 1980 నాటి అటవీ పరిరక్షణ చట్టం కిందికి వస్తుందంది. ఒక్క రాత్రిలో దేశంలో రంపాలు ఆగిపోయాయి. మా ఆఫీసుల్లో ఎప్పుడూ ముట్టుకోని పాత రిజిస్టర్ల దుమ్ము దులిపారు.

2023లో చట్టం సవరించి ఆ అర్థాన్ని కుదించారు. నోటిఫై చేసిన అడవి, 1980 అక్టోబరు 25 నాటికో ఆ తర్వాతో రికార్డుకెక్కిన అడవి మాత్రమే అన్నారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రస్తుతానికి 1996 నాటి అర్థమే పాటించండి అంది. ఇది ఇంకా సాగుతున్న కథ, నేను జోస్యం చెప్పను.

మరో చట్టం 2006 నాటి అటవీ హక్కులది. అందులో అటవీ భూమి అంటే రిజర్వు, రక్షిత, హద్దులు తేలని, వర్గీకరించని అడవులు, అభయారణ్యాలు, జాతీయ పార్కులు, అన్నీ. పోడు చేసుకునే గిరిజనుడికి పట్టా ఇవ్వాలంటే ముందు ఆ నేల అడవి అని ఒప్పుకోవాలి. పన్నెండేళ్లుగా అక్కడ జొన్న పండుతున్నా సరే. నేల అడవి అని రుజువు చేసే పని అప్పటిదాకా మాది, ఆ చట్టం వచ్చాక వాళ్లది కూడా అయింది. మా ముసలాయన వింటే పగలబడి నవ్వేవాడు.

8. బ్రస్సెల్స్‌లో గీసిన గీత అరకు దాకా వస్తుంది

మా మేనల్లుడు అరకు వైపు కాఫీ రైతులతో పనిచేస్తాడు. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, సిల్వర్ ఓక్ కింద కాఫీ ఉంటే అది అడవా, తోటా?" అన్నాడు. ఎందుకురా అన్నాను. ఐరోపా సమాఖ్య 2023లో కొత్త నియమం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి పండించిన కాఫీ, కోకో, సోయా, పామాయిల్, రబ్బరు, కలప, పశువుల మాంసం తమ మార్కెట్‌లోకి రాకూడదని. అమలు వాయిదా పడుతూ వచ్చింది గానీ, కొనేవాళ్లు ముందే పొలం జీపీఎస్ గుర్తులు అడగడం మొదలుపెట్టారు.

ఆ నియమంలో అడవి అంటే పాఠం 2లో చెప్పిన అర హెక్టారు, 5 మీటర్లు, 10 శాతమే. నీడచెట్ల కింద పంట వేస్తే అది సాగు, అడవి కాదు. సరే, కానీ పైనుంచి చూస్తే? అరకు కాఫీ తోట మీద సిల్వర్ ఓక్ గొడుగు, దానికి పాకిన మిరియాల తీగ, మధ్యమధ్య పనస. ఉపగ్రహానికి అది మంచి అడవి. దాన్ని 2020లో అడవిగా చూసి, తర్వాత ఒక రైతు పాత సిల్వర్ ఓక్‌లు అమ్ముకుంటే, ఎక్కడో కూర్చున్నవాడి తెర మీద అడవి నరికినట్టు ఎర్రచుక్క పడొచ్చు. "కాబట్టి పటం ఒక్కటే పంపకురా, తోట ఎప్పుడు వేశారో, ఏ చెట్టు ఎప్పుడు కొట్టారో రాయించి ఫొటోలు తీయించు" అన్నాను. మన ఊరి చెట్టుకు ఎంతమంది పేర్లు పెడుతున్నారో చూడండి.

9. రాళ్ల కుప్ప దగ్గరికి మళ్లీ వెళ్లు

దేశంలో అడవిగా రికార్డుకెక్కిన నేల దాదాపు 7.75 లక్షల చదరపు కిలోమీటర్లు. గొడుగు ఉన్న నేల సుమారు 7.15 లక్షలు. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అని సంతోషించకండి. రికార్డు హద్దుల లోపల గొడుగున్నది 5.2 లక్షలు మాత్రమే. మిగతా గొడుగంతా మా బావమరిది తోటలాంటి చోట్ల ఉంది. రికార్డులో ఉండి గొడుగు లేని రెండున్నర లక్షల్లో మంచుకొండలూ, గడ్డినేలలూ, మా ముసలాయన మేపిన చోట్లూ ఉన్నాయి.

దిగిపోయిన కొన్నేళ్లకు ఆ హద్దు మీదికి మళ్లీ వెళ్లాను, పని లేకపోయినా. రాళ్ల కుప్ప సగం కూలి ఉంది, సున్నం పోయింది, నంబరు మాత్రం తడిమితే తెలుస్తోంది. ముసలాయన పోయాడు. మనవడు మేకలు తోలుతున్నాడు, చేతిలో ఫోను. ఇంతకుముందు పొదలున్న చోటంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. మా సీమలో కంప అంటే చాలు. గొడుగు మీద గొడుగు, మనిషి దూరలేనంత.

కుర్రాడి ఫోనులో ఉపగ్రహ పటం తెరిపించాను. తాత చూసిన టోపోషీటు కన్నా పచ్చగా ఉంది.

"అయితే ఇప్పుడు ఇది నిజంగా అడవేనా సార్?" అన్నాడు.

"పది శాతం ఎప్పుడో దాటింది. నలభై కూడా ఉండొచ్చు" అన్నాను.

వాడు ఆ నీడలోకి ఒక మేకపిల్లను తోలబోయి, ముళ్లు చూసి, చంకలోకి ఎత్తుకున్నాడు.